దీవిలో తీర్చుకున్న కసి

పోయిన వారం మార్కాపురం బస్టాండులో కొనకనమిట్ల బస్సు కోసం నిలబడి ఉంటే, వెనుక నుంచి ఎవరో "ఏం అల్లుడా, బాగుండావా?" అన్నారు. తిరిగి చూడకముందే ఆ గొంతు ఎవరిదో తెలిసిపోయింది. మనిషి వంగిపోయాడు, చేతికి కర్ర వచ్చింది, నవ్వు మాత్రం అదే. బస్సు రాగానే ఆయన్ను దాటుకుని పోయాను. బస్సెక్కి అవతలి వైపు కిటికీ పక్కన కూర్చున్నాను. ముసలివాడితో అలా ప్రవర్తించవచ్చా అని మీకు అనిపిస్తే, జరిగింది విని తర్వాత అనుకోండి.

అప్పట్లో నేను మార్కాపురంలో ఒక చిన్న బడిలో సైన్సు చెప్పేవాణ్ని. మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఇంట్లో చెత్త అంటే పేడ, బూడిద, కూరగాయల తొక్కలే; అన్నీ దిబ్బలో పడి, ఎరువై చేలోకి పోయేవి. ఆ దిబ్బల సంగతి తెలిసినవాణ్నని ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు నన్ను నడిసముద్రంలో ఉన్న ఒక దీవికి జీతం లేని పనికి పంపించారు. "చెత్త ఎత్తేదానికి విమానమెక్కి పోవాల్నా?" అన్నాడు మా నాయన. ఆ తర్వాత నేను బయలుదేరేదాకా నాతో సరిగా మాట్లాడలేదు.

పొద్దున నడక మొదలుపెడితే ఎండ ముదిరే లోపు చుట్టి రాగలిగినంత దీవి అది. గుంట తీసి పాతిపెడదామంటే జానెడు లోతునే నీళ్లు, తగలబెడితే పొగంతా ఇళ్లమీదికే. అందుకని ఇంటింటా చెత్త వేరు చేయించి, తడిదాన్ని ఒక షెడ్డులో కొబ్బరిపీచుతో కలిపి ఎరువు చేసేవాళ్లం; సీసాలూ డబ్బాలూ కడిగి, మూటలు కట్టి, పడవమీద పెద్ద ఊరికి పంపేవాళ్లం. నేను ఉన్నది చేపలు పట్టి బతికే ఒక ముసలామె ఇంట్లో. ఆమెను అవ్వా అని పిలిచేవాణ్ని. ఆ మాటకు అర్థం చెప్పినప్పుడు ఎంత మురిసిపోయిందో! దీవిలోని ఆడవాళ్లను మా షెడ్డుకు పనికి తీసుకొచ్చింది ఆమే.

దీవి కొసన ఒక పెద్ద హోటలు ఉండేది. దాని మేనేజరు నా పేరు విని, ఏ ఊరని అడిగి, చెప్పగానే నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "మాది గిద్దలూరు పక్కనేబ్బా. అట్లయితే నువ్వు నాకు అల్లుడివే" అన్నాడు. ఆ పూట ఆయన పెట్టిన గోంగూర పచ్చడి తింటూ, అంత దూరాన నాకొక మామ దొరికాడని పొంగిపోయాను. హోటలు చెత్త అంతా వేరు చేసి షెడ్డుకే పంపుతానని ఆయన మాట ఇస్తే, అది నమ్మదగ్గ మాటేనని ఊరి పెద్దల ముందు నేను పూచీ పడ్డాను.

కొన్నాళ్లు అద్దంలా మెరిసే సీసాలు వచ్చాయి. తర్వాత గాలి మళ్లే కాలం వచ్చి, ఒడ్డు పొడవునా నల్లని సంచులు కొట్టుకొచ్చాయి. అవ్వ వల లాగితే చేపలకు బదులు అవే పడ్డాయి, లోపలి గాజుముక్క ఆమె అరచేతిని చీల్చింది. ప్రతి సంచిలోనూ హోటలు గుర్తు వేసిన షాంపూ బుడ్లు, సబ్బు కాగితాలు. చూపించుకోవడానికి కొంత షెడ్డుకు పంపి, మిగిలిందంతా పడవలో తీసుకుపోయి సముద్రంలో పారబోస్తున్నారన్నమాట. ఊరంతా నిలదీస్తే ఆ పెద్దమనిషి తడుముకోలేదు. అప్పటికి నాకూ వచ్చిన దీవి భాషలో, నా కళ్లలోకి చూస్తూ, ఈయన చెప్పినట్టే చేశాం అన్నాడు.

షెడ్డుకు తాళం పడింది. అవ్వ నాకు అన్నం పెట్టడం మానలేదు గానీ, పళ్లెం గడప మీద పెట్టి ముఖం తిప్పుకుని పోయేది. ఎందుకిలా చేశావని అడగడానికి పోతే, ఆయన నన్ను కూర్చోబెట్టి చల్లటి కొబ్బరినీళ్లు ఇచ్చి మరీ చెప్పాడు.

"నువ్వు రేపోమాపో పోయేటోడివి అల్లుడా. నాకిది కూడు పెట్టే చోటు. నీమీద పడితే నీకేం పోతాది?"

గ్లాసు అక్కడే పెట్టి లేచి వచ్చాను. సంస్థవాళ్లు వచ్చెయ్యమన్నారు, నేను రానన్నాను. మర్నాటి నుంచి తెల్లవారగానే ఒడ్డుకు పోయి సంచులు ఏరడం మొదలుపెట్టాను. కడగలేదు, వేరు చేయలేదు. కొబ్బరితోటలో కుప్ప వేశాను. కంపు తలకెక్కేది, అయినా ఆ కుప్ప పెరిగేకొద్దీ నా కడుపులో మంటకు హాయిగా ఉండేది. ఒకరోజు అవ్వ చేతికి గుడ్డ కట్టుకుని, గంపతో వచ్చి, నా పక్కనే వంగి ఏరసాగింది. తర్వాత మిగతా ఆడవాళ్లూ వచ్చారు.

హోటలు యజమాని విదేశీ అతిథులతో వచ్చే రోజున ఆ కుప్పనంతా మోసుకుపోయి గేటు ముందు పోశాం. పడవ దిగిన యజమాని ముక్కు మూసుకుని, ఒక బుడ్డి మీద తన హోటలు గుర్తును చూస్తూ నిలబడిపోయాడు. మామ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి, ఎవరికీ అర్థం కాకుండా తెలుగులో గొణిగాడు.

"నీ కాళ్లు పట్టుకుంటా అల్లుడా, తీయించు. ఒక దిక్కు నుంచి వచ్చినోళ్లం."

నేను దీవి భాషలో, యజమానికీ ఊరికీ వినిపించేలా, "మీరు చెప్పినట్టే చేశాను మామా" అన్నాను.

సాయంత్రం పడవకే ఆయన్ను పంపేశారు. ఆ పడవ చుక్కంతై కనుమరుగయ్యేదాకా రేవులో నిలబడి చూశాను. అంత తృప్తిగా నేను నా పెళ్లిలో కూడా లేను. క్షమించడం గొప్ప గుణమంటారు. గొప్పవాళ్లు క్షమిస్తారు కాబోలు.

ఇప్పుడు మా ఊళ్లో తొలకరి వాన పడితే వాగు నిండా కవర్లు, టీ గ్లాసులు కొట్టుకొచ్చి తుమ్మకంపకు వేలాడతాయి. మేకలు వాటిని నములుతుంటే చూసి నాకు ఆ పాత కోపమే, ఏమాత్రం తగ్గకుండా లేస్తుంది. ఆనాడు నా కోపానికి ఒక మనిషి ఉన్నాడు, కుప్ప పోయడానికి ఒక గేటు ఉండేది. ఈ వాగులోది ఏరి కుప్ప వేస్తే ఎవరి వాకిట్లో పోయాలి? ఊరు ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి చూశాను. పోయకూడని వాకిలి ఒక్కటీ కనబడలేదు.