పాస్టరును వదలని మే అక్క: పాసిర్ రిస్‌లో ఒక ఆదివారం

సింగపూర్ వచ్చి ఆరేళ్లయినా పాసిర్ రిస్ వైపు నేనెప్పుడూ వెళ్లలేదు. వుడ్‌ల్యాండ్స్‌లో ఉండేవాళ్లకు సెలవు రోజంటే వంతెన దాటి మలేషియా వైపు జొహోర్‌లో సరుకులు కొనుక్కురావడమే గానీ, తూర్పు కొసకు పోవాలన్న బుద్ధి పుట్టదు. నాకు పుట్టించింది సువార్త. సైన్స్ పార్క్ ఆఫీసులో నా పక్క సీటు, భీమవరం అమ్మాయి. వాళ్ల తెలుగు చర్చి పాస్టరు గారి మీద కొంతకాలంగా పెద్ద రచ్చ నడుస్తోంది. ఇండియన్లకు ఇల్లు అద్దెకివ్వని వాళ్ల గురించి మాట్లాడుతూ ఆయన ఒక ప్రసంగంలో, “ఈ చైనీస్ వాళ్ల గుమ్మంలో ప్రభువే వచ్చి నిలబడినా రంగు చూసి తలుపేస్తారు” అన్నారు. ఆ ముక్క ఒక్కటీ వీడియోగా ఊరంతా తిరిగింది. తమాషా ఏమిటంటే, ఏళ్ల తరబడి ఆ చర్చికి వచ్చే ఒక చైనీస్ ఆవిడ ఈసారి ఎన్నికల్లో నిలబడబోతున్నారు. సంఘంలో అందరూ ఆమెను మే అక్క అంటారు. ఆదివారం సాయంత్రంలోగా ఆ పాస్టరుతో తనకు సంబంధం లేదని బయటికి చెప్పకపోతే సీటు ఇంకొకరికి ఇస్తామని ఆమె పార్టీ తేల్చేసింది.

“పొద్దున ఆరాధనకి వస్తారో రారోనండి. మా అందరికీ ఒకటే బెంగ. మీరూ వచ్చేయండి, భోజనం మా దగ్గరే,” అంది సువార్త. నేను చర్చి మనిషిని కాను. పైగా రాజకీయ నాయకులంటే ఏ ఎండకా గొడుగు పట్టేవాళ్లన్న అభిప్రాయం బలంగా ఉన్నదాన్ని. ఆవిడ రారని మనసులో పందెం కాసుకునే బయలుదేరాను.

వుడ్‌ల్యాండ్స్ నుంచి వెళ్లేవాళ్లు రైలు జోలికి పోకండి. ఊరి నడిబొడ్డుకు దిగి మళ్లీ తూర్పుకు తిరగడంతోనే పొద్దెక్కిపోతుంది. 969 బస్సు హైవే మీదుగా టాంపినీస్‌లో దింపుతుంది. అక్కడినుంచి రైల్లో ఒక్క స్టేషన్. మొత్తం రెండు డాలర్ల పైచిలుకు, గంటకు కాస్త ఎక్కువ. కిటికీ పక్క సీటు దొరికితే దారి పొడవునా పచ్చదనమే. ఎనిమిదిన్నరకు ఎక్కి పదిలోపే పాసిర్ రిస్‌లో దిగాను. ప్రార్థన జరిగే హాలు స్టేషన్‌కు దూరంగా, గోడౌన్ల మధ్య ఒక పారిశ్రామిక భవనంలో ఉంది. ఎండ చూసి టాక్సీ ఎక్కాను. ఎనిమిది డాలర్లయింది.

అడ్రసు చూడగానే చైనీస్ డ్రైవర్ అంకుల్ అద్దంలోంచి నన్ను పరీక్షగా చూశారు. ఆ పాస్టరు దగ్గరికేనా అని అడిగారు. అవునన్నాను. తర్వాత మెల్లగా, “నా ఇంట్లో గది ఇండియన్ కుర్రాడికే ఇచ్చాను. నా భార్య వాడికి పుట్టినరోజుకు నూడుల్స్ కూడా చేస్తుంది. అందరినీ కలిపి తిడితే బాధ లా,” అన్నారు, మాట చివర ‘లా’ తగిలించే ఇక్కడి యాసలో. నాకు ఇల్లు వెతుక్కున్న రోజులు గుర్తొచ్చాయి. పేరు వినగానే ఇల్లు ఖాళీ లేదనేసిన ఫోన్లు చాలానే ఉన్నాయి. అయినా దిగేటప్పుడు సారీ అంకుల్ అన్నాను, ఆ పాస్టరు నా బాబాయి అన్నట్టు.

హాల్లో ఆడవాళ్లొక పక్క, మగవాళ్లొక పక్క కూర్చున్నారు. నేనూ చున్నీ తలమీదికి లాక్కున్నాను. సువార్త వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతోంది. ఆమె కోసం ముందు వరుసలో నా పక్క కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేశాను. హాకర్ సెంటర్ల, అంటే ఇక్కడి తిండి బజార్ల, అలవాటు. ప్యాకెట్ పెడితే ఆ చోటు మనదే, ఇక్కడ ఎవరూ కదపరు. వెనక ఎవరో నవ్వారు. ఈ సంఘంలో కుర్చీలు ఆపుకోవడం లేదట. ముందొచ్చినవాళ్లు ముందు కూర్చోవాలి. కులం చూసి, రంగు చూసి, జీతం చూసి వరుసలు కట్టడం మన ఊళ్లలో చాలు, ఇక్కడొద్దని పాస్టరు గారే పెట్టిన పద్ధతి అది. నేను ప్యాకెట్ తీసేలోపు పాట మొదలైంది. అందరితో పాటు లేచి నిలబడ్డాను.

మూడో పాటలో మే అక్క వచ్చారు. యాభై దాటిన బక్కపలచని మనిషి, నలిగిన కాటన్ చొక్కా. వెంట వచ్చిన పార్టీ ఆయన తలుపు పక్కనున్న వెనక కుర్చీలు చూపించి చెవిలో ఏదో చెప్పాడు. అక్కడ కూర్చుంటే ఎవరి ఫోటోలోనూ పడరు, రేపు రాలేదని చెప్పినా చెల్లుతుంది. ఆవిడ తల ఊపి, నేరుగా ముందు వరుసకు నడిచొచ్చారు. ఖాళీగా ఉన్నది నా ప్యాకెట్ ఉన్న కుర్చీ ఒక్కటే. ఆగి, ఇక్కడ ఎవరైనా ఉన్నారా అని నన్ను అడిగారు. హాలంతా మమ్మల్నే చూస్తోంది. సిగ్గుతో చచ్చిపోయి ప్యాకెట్ లాక్కున్నాను. నా పక్కన కూర్చున్నారు. పందెం అక్కడే ఓడిపోయాను.

సాక్ష్యాల సమయంలో, అంటే దేవుడు తమకు చేసిన మేలు గురించి ఎవరైనా లేచి చెప్పుకునే సమయంలో, ఆవిడ లేచారు. ఇంగ్లీషులో మాట్లాడారు. వాళ్ల నాన్న పోయినప్పుడు, ఇక్కడి చైనీస్ వాళ్ల ఆచారం ప్రకారం, ఫ్లాట్ల కింది ఖాళీ స్థలంలో పందిరి వేసి శవపేటికను కొన్ని రోజులు ఉంచారట. ఆయన క్రైస్తవుడు కాదు. అగరొత్తులు, పోయినవాళ్లకు చేరాలని కాగితపు నోట్లు కాల్చడం అన్నీ జరిగాయి. అలాంటి చోటికి పోవచ్చా అని సంఘంలో సగం మంది మొహం చిట్లించినా, పాస్టరు గారు రోజూ వచ్చి కూర్చుని, వచ్చినవాళ్లు తాగిన టీ కప్పులు కడిగారట. చివరి రోజు పేటిక మోయడానికి మనిషి తక్కువైతే భుజం ఇచ్చారట. పాడె పట్టడమంటే మనలో అయినవాళ్ల పని.

“వీడియోలో ఆయన అన్నది తప్పు. మా అమ్మను కూడా కలిపి అన్నాడు. ఆయన ఇంట్లో, ఆయన బల్ల దగ్గర కూర్చునే ఆ మాట చెప్పాను. ఇళ్లు దొరకవన్నది మాత్రం అబద్ధం కాదు. తప్పు మాట్లాడాడని చెప్పమంటే ఎక్కడైనా చెప్తాను. ఆయన నాకు ఎవరూ కాదని చెప్పమంటే చెప్పలేను.”

పాస్టరు గారు కంగారుగా లేచారు. గోదావరి యాస. “అమ్మా, నా నోటిదురుసుకి మీరెందుకమ్మా నష్టపోవాలి? సంబంధం లేదని చెప్పేయండి. నేనేం అనుకోను,” అన్నారు. సువార్త వంటగది గుమ్మంలోంచే దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. మే అక్క ఆయనకేసి చూసి, “ఆయన్ని కూర్చోమను. నాకింకా కోపం తగ్గలేదు,” అన్నారు. అందరూ ఒక్కసారి నవ్వేశారు. పాస్టరు గారు మాత్రం కూర్చోలేదు. చైనీస్ వాళ్లందరినీ ఒకే గాటన కట్టడం తన తప్పని, సాయంత్రమే మే అక్క వాళ్లమ్మగారి దగ్గరికెళ్లి క్షమించమని అడుగుతానని అందరిముందూ చెప్పారు. తలుపు దగ్గర పార్టీ ఆయన ఫోన్ తీసుకుని బయటికి వెళ్లిపోయాడు.

భోజనంలో కోడికూర, గుమ్మడికాయ దప్పళం, గడ్డపెరుగు. మే అక్క గరిటె పట్టుకుని “అన్నం, ఇంకొంచెం?” అని తెలుగులో అడుగుతూ వరుసంతా తిరిగారు. ఎండ తగ్గాక నేను పాసిర్ రిస్ పార్కులో మడచెట్ల మధ్య చెక్కబాట మీద చాలాసేపు నడిచాను. టికెట్ లేదు, బురదలో పీతలు బోలెడు.

కొన్నాళ్లకు వీధి స్తంభాలకు ఎన్నికల పోస్టర్లు వేలాడాయి. వాటిలో ఆమె ముఖం లేదు. నాకు బాధేసింది, ఎంతో గర్వంగానూ అనిపించింది. గురువు ఏమన్నా తలాడించే నాయకుల్ని మన దగ్గర చూశాను, గాలి మారగానే గురువును వీధిలో వదిలేసిన వాళ్లనూ చూశాను. తప్పును తప్పని మొహాన చెప్పి, ఆ మనిషిని మాత్రం వదలకుండా, దానికయ్యే నష్టం తానే భరించినవాళ్లను చూడటం నాకు ఇదే మొదలు. వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట. ప్రార్థన పదిన్నరకు, ఎవరైనా రావచ్చు. మే అక్క ఇప్పటికీ ప్రతి వారం వస్తారు. ఫోటో అడిగితే కాదనరు. కానీ ముందు పాస్టరు గారిని పిలిచి పక్కన నిలబెట్టుకున్నాకే కెమెరా వైపు చూస్తారు.