నైరుతి మూల కాలమ్

ముందే చెప్పేస్తున్నాను: నేను చెప్పే కొలతలు నమ్ముకుని ఎవరూ షెడ్డు కట్టకండి, కూలిపోతుంది. నా నోట్లో పడితే పదడుగుల గోడ తాటిచెట్టును దాటుతుంది. నాలుగు చినుకులు పడితే సింగూరు డ్యామ్ గేట్లు ఎత్తేస్తారు. మా ఆవిడ నేను చెప్పిన ప్రతి మాటనూ సగానికి కోసి, ఆ సగాన్ని మళ్లీ సగం చేసి, అప్పుడు వింటుంది. మీరూ అలాగే చదువుకోండి. ఒక్క నా కుళ్లును మాత్రం తగ్గించి చదవొద్దు. దాన్ని మాత్రం నేనే తగ్గించి రాస్తున్నాను.

నాది పటాన్‌చెరులో క్రేన్ కిరాయి పని. పెద్ద కంపెనీ అనుకునేరు. ఉన్నది ఒక్క హైడ్రా. దానికి ఓనరును నేనే, డ్రైవరును నేనే, గ్రీజు పెట్టేవాణ్నీ నేనే. హైడ్రా అంటే నాలుగు టైర్ల మీద ఒక పొడుగాటి ఇనుప చెయ్యి, ఆ చేతి చివర కొక్కెం. బరువును గాల్లో వేలాడదీసుకుని నడుచుకుంటూ పోతుంది. పాశమైలారంలో ఇనుప షెడ్లు తయారుచేసే యార్డుల చుట్టూ మాబోటివాళ్లం బతుకుతుంటాం. యార్డువాళ్లు ఇనుము కోసి, వెల్డింగు చేసి, రంగేసి కాలమ్‌లూ బీములూ తయారుచేస్తే, మేం ఎత్తి ట్రైలరు మీద పెడతాం, సైటులో దించి నిలబెడతాం. ఫ్యాక్టరీ మొదలైన రోజు పేపర్లో ఓనరు ఫోటో వస్తుంది. ఆ ఫోటోలో ఆయన తల వెనక పసుపుపచ్చగా ఒక ముక్క కనిపిస్తుందే, అది నేను.

నా బండి వయసు అడగొద్దు. స్టార్టు చేస్తే ఇస్నాపూర్ చౌరస్తాలో టీ గ్లాసులు నడుస్తాయి. దాని పొగకు రుద్రారం దాకా ఆరేసిన బట్టలు మళ్లీ ఉతుక్కుంటారు. తలుపు వెయ్యాలంటే ఇద్దరు నెట్టాలి, ఒకరు దేవుడికి మొక్కాలి. అయినా నాకొక పేరుండేది. హస్తవాసి.

మా దగ్గర కొత్త షెడ్డుకు మొదటి కాలమ్ నిలబెట్టడానికి ముహూర్తం చూస్తారు. పునాదిలోంచి పైకి లేచిన బోల్టులకు పసుపు రాస్తారు, కాలమ్ అడుగు ప్లేటుకు కుంకుమ బొట్లు పెడతారు, హైడ్రా టైర్ల కింద నిమ్మకాయలు పెడతారు. మొదటి కాలమ్‌ను లేపినవాడి చెయ్యి మంచిదైతే ఆ ఫ్యాక్టరీకి తిరుగుండదని నమ్మకం. నేను మొదటిసారి లేపిన షెడ్డు ఓనరు ఏడాది తిరక్కుండా పక్కనే రెండో షెడ్డు కట్టాడు. ఆయన కష్టపడి కట్టుకున్నాడు, పేరు నాకొచ్చింది. జిన్నారం నుంచి ముత్తంగి దాకా ఎక్కడ పసుపు కలిపినా నాకు ఫోన్ వచ్చేది. మిగతా కాలమ్‌లన్నీ వేరేవాళ్లు లేపుకున్నా సరే, మొదటిదానికి నేనుండాలి. అర్ధగంట పని, కొబ్బరికాయ, శాలువా. మా ఇంట్లో శాలువాలు ఎన్ని పోగయ్యాయంటే చలికాలంలో హైడ్రాకు కూడా కప్పేవాణ్ని.

అలాంటి రోజుల్లో మా షెడ్డుకు ఎదురుగా, రోడ్డవతల, భాయ్ దుకాణం తెరిచాడు.

భాయ్ నాకు కొత్తవాడు కాదు. ఇద్దరం ఒకే ఈడువాళ్లం, పన్నెండేళ్లు ఒకే యజమాని దగ్గర క్రేన్లు నడిపాం. ఆయన డబ్బాలో కీమా నేను తిన్నాను, నా డబ్బాలో తొక్కు ఆయన తిన్నాడు. ఇప్పుడు సొంతానికి కొత్త హైడ్రా తెచ్చుకున్నాడు. దాని రంగుకు కళ్లు చెదిరి రోడ్డు మీద లారీలు లైట్లు ఆర్పుకుని పోయేవి. లోపల ఏసీ. ఎంత చల్లదనమంటే మే నెల మిట్టమధ్యాహ్నం భాయ్ మంకీ క్యాపు తీసుకుంటూ కిందికి దిగేవాడు. వెనక్కి చూడ్డానికి కెమెరా, బరువెక్కువైతే అరిచే పెట్టె. రోజూ పొద్దున్నే దాన్ని షాంపూ పెట్టి కడిగేవాడు. నేను గేటు దగ్గర నిలబడి, పళ్లు తోముకునే వంకతో ఆ స్నానం మొత్తం చూసేవాణ్ని. నా పళ్లు అంత తెల్లగా ఎప్పుడూ లేవు.

"ఏందయ్యా, గా బండిని గంత గనం చూస్తున్నవ్?" అంది మా ఆవిడ ఒకరోజు. "పెండ్లినాడు నన్ను గిట్ల చూస్తివా?"

"బురదల దిగితె తెలుస్తది దాని సంగతి," అన్నాను.

"నీ నోట్ల బురుగు కారుతుంది, ముందు గది తుడుసుకో."

ఇంతలో సేటు గోదాము వచ్చిపడింది. సంగారెడ్డి మార్కెట్లో వాళ్లది తాతల నాటి పప్పుల వ్యాపారం. ముత్తంగి దగ్గర పెద్ద గోదాము కడుతున్నాడని తెలిసిన రోజే నేను తెల్ల చొక్కా ఇస్త్రీకి ఇచ్చేశాను. ఆ మొదటి కాలమ్ లేపినవాడి పేరు మార్కెట్ మొత్తం చెప్పుకుంటుంది. సేటు స్వయంగా మా షెడ్డుకు వచ్చాడు. నేను కుర్చీ తుడిచాను. ఆయన కూచోలేదు.

"జెర ఏమనుకోకు," అన్నాడు. "మొదటి కాలమ్ ఎదురుంగున్న భాయ్‌తోని లేపిస్తున్న. మా పిల్లలు వీడియో తీస్తరట. బండి జెర కొత్తగ కనవడాలె గద."

"మరి నేను, సేటూ?"

"నువ్వు లేకుంటె ఎట్లయ్యా! యార్డుల లోడింగు నీదే, సైటుల దింపుడు నీదే. నైరుతి మూల ఒక్కటి భాయ్ లేపుతడు, గంతే."

అంటే, పెళ్లిపీటల మీది నుంచి లేపి నన్ను అంట్లు తోమే దగ్గర కూచోబెట్టాడు. ఆ రాత్రి అన్నం మూడుసార్లే వడ్డించుకున్నాను. మా ఆవిడ జ్వరమా అని చెయ్యి పట్టుకుని చూసింది.

ఇక్కడ మా పని గురించి ఒక్క ముక్క చెప్పాలి. ట్రైలరు మీద ఎక్కించేది తలకిందుల లెక్క. సైటులో అన్నిటికంటే ముందు నిలబడాల్సిన కాలమ్‌ను యార్డులో అన్నిటికంటే చివర ఎక్కించాలి. అప్పుడే అది పైన ఉంటుంది, సైటులో ముందుగా చేతికొస్తుంది. ఈ వరసను యార్డు సూపర్‌వైజరు కాగితం మీద రాసిస్తాడు. ముహూర్తానికి ముందురోజు సాయంత్రం నాకిచ్చిన కాగితంలో ఆ వరస తిరగబడింది. ఆ సూపర్‌వైజరు నిలబెట్టే వరసనే ఎక్కించే వరసగా రాసేశాడు. రాసిందాన్ని మార్చడానికి నేనెవణ్ని? ఉన్నదున్నట్టు ఎక్కించాను. సీ-వన్ అని నంబరు వేసిన నైరుతి మూల కాలమ్ అట్టడుగుకు పోయింది. దాని నెత్తిన ఎనిమిది కాలమ్‌లు కూచున్నాయి.

మర్నాడు పొద్దున మార్కెట్ సగం సైటులోనే ఉంది. మిగతా సగం దారిలో ఉంది. ముహూర్తం తొమ్మిదీ పన్నెండు నుంచి తొమ్మిదీ నలభై వరకు. సిద్ధాంతి మంత్రాలు చదువుతున్నాడు, సేటు పిల్లలు ఫోన్లు పైకెత్తారు, భాయ్ ఇస్త్రీ కుర్తాలో బండి మెట్టు మీద నిలబడ్డాడు. కాలమ్‌ల మీద నంబర్లు చూస్తూ ట్రైలరు చుట్టూ తిరిగాడు ఖలాసీల మేస్త్రి. తాళ్లు కట్టి కాలమ్‌ను బోల్టుల మీదికి నడిపించే బీహారీ కుర్రాళ్లకు అతనే పెద్ద.

"ఉస్తాద్, సీ-వన్ కహా హై?" అన్నాడు నాతో.

"నీచే."

"కిత్‌నా నీచే?"

"సబ్ సే నీచే," అన్నాను. నా మొహంలో బాధ పెట్టడానికి చాలా కష్టపడ్డాను.

సేటు పరుగెత్తుకొచ్చాడు. "ఏమంటున్నడు? కింద ఉంటె ఏమాయె? పైనున్నదే లేపుండ్రయ్యా, అన్నీ ఇనుపవే గద!"

మేస్త్రి రెండు చేతులూ జోడించాడు. మూల కాలమ్‌కు రెండు పక్కలా బీములు తగలాలి కాబట్టి రంధ్రాలు రెండు వైపులా ఉంటాయనీ, మామూలు కాలమ్‌ను అక్కడ నిలబెడితే గోడ కట్టుకోవడానికి ఆధారమే ఉండదనీ వచ్చీరాని తెలుగులో చెప్పాడు. సిద్ధాంతి వాచీ చూసుకున్నాడు. సేటు తువ్వాలతో చెమట తుడుచుకున్నాడు. ఆ తువ్వాల పిండితే ఊరి చెరువు నిండేది.

"గిట్లెట్లయింది?" అన్నాడు సేటు.

"నాకేమెరుక సేటూ. యార్డుల ఇచ్చిన లిస్టే గట్లుంది."

నా లోపల బాజాలు మోగుతున్నాయి. ఇప్పుడు ఈ ట్రైలరు ఖాళీ చెయ్యాల్సింది నేను. ఈ దేశంలో భద్రత గురించి ఆ పొద్దున నా అంత శ్రద్ధ ఎవరికీ లేదు. అన్నిటికంటే పైనున్న కాలమ్‌కు బెల్టు రెండుసార్లు కట్టించి మూడుసార్లు విప్పించాను. ఎత్తిందాన్ని గాల్లో ఎంత నెమ్మదిగా తిప్పానంటే దాని మీద ఒక పిచ్చుక వాలి, గూడుకు స్థలం చూసుకుంది. ఆరు నిమిషాలు పోయాయి. ఇంకా ఏడు కాలమ్‌లు దిగాలి. ముహూర్తం భాయ్ చేతిలోంచి ఇసుకలా జారిపోవడం నా కళ్లారా చూస్తున్నాను.

అప్పుడు భాయ్ బండి కదిలింది. నిమ్మకాయలు తొక్కుకుంటూ వచ్చి, ముందురోజు వానకు చిత్తడి అయిన మట్టిలో దిగి, ట్రైలరుకు అవతలి పక్కన ఆగింది. షాంపూతో కడిగిన టైర్లు సగం దాకా మునిగాయి.

"అన్నా, నువ్వు గా దిక్కుకెల్లి తియ్యి, నేను గీ దిక్కుకెల్లి తీస్త," అని కేకేశాడు. "జల్దీ కానీ!"

"భాయ్, బండికి బురదైతది."

"కడుక్కుంట తియ్యన్నా. సేటు పరేషాన్ అయితుండు, చూస్తలేవా?"

ఇక నేను నెమ్మదిగా తిప్పితే అందరికీ తెలిసిపోతుంది. పైగా ఏం జరిగిందో ఏమో, రెండో కాలమ్‌కే మా పాత చేతులు మేల్కొన్నాయి. పన్నెండేళ్లు పక్కపక్కన పనిచేసిన చేతులవి. ఆయన ఎత్తుతుంటే నేను దించడం, నేను తిరుగుతుంటే ఆయన ఆగడం. మధ్యలో ఒక్క సైగ లేదు. ఖలాసీ కుర్రాళ్లు ఈలలు వేశారు. చివరిదాని మీది బరువంతా దిగేసరికి తొమ్మిదీ ముప్పైరెండు. అడుగున ఉన్న సీ-వన్ నా వైపుకు ఒరిగి ఉంది. మేస్త్రి తొందరలో దానికి బెల్టు కట్టి నా కొక్కేనికి తగిలించేశాడు.

తగిలించాక అందరికీ గుర్తొచ్చింది.

సేటు నన్ను చూశాడు, నేను ఆకాశాన్ని చూశాను. మళ్లీ దించి, బెల్టు విప్పి, భాయ్ బండికి మార్చేసరికి ముహూర్తం దాటిపోతుంది.

"ఇడిసిపెట్టు సేటు," అన్నాడు భాయ్ కిటికీలోంచి తల బయటపెట్టి. "అన్న కొక్కేనికే ఉంది, అన్ననే లేపనీ. గింత మంచి చెయ్యి గీ చుట్టుపక్కల ఎవరికున్నది?"

నేను లేపాను. పడుకున్న కాలమ్ తల ఎత్తి, మెల్లగా నిలబడి, తాళ్లు పట్టిన కుర్రాళ్ల మధ్య నుంచి నడిచి వెళ్లి, పసుపు రాసిన నాలుగు బోల్టుల మీద కూచుంది. ఇక్కడ నేనేమీ పెంచడం లేదు. నా జీవితంలో అంత మెత్తగా ఏ కాలమ్‌నూ దించలేదు. తొమ్మిదీ ముప్పైతొమ్మిది. కొబ్బరికాయ పగిలింది.

నేను బండి దిగి, తెల్ల చొక్కా సర్దుకుని, శాలువాకు అనువుగా మెడ కాస్త వంచి నిలబడ్డాను. సేటు శాలువా విప్పుకుంటూ వచ్చాడు. వచ్చి, నన్ను దాటుకుని వెళ్లి, భాయ్ భుజాల మీద కప్పాడు.

"పోటీలున్న మనిషికి గింత సాయం చేసెటోన్ని నా జిందగీల చూడలే," అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ. "మా బామ్మర్ది షెడ్డు గూడ నీదే భాయ్!"

సేటు పిల్లలు తీసిన ఆ వీడియో ఇప్పటికీ మార్కెట్లో తిరుగుతోంది. శాలువాలో భాయ్ నవ్వుతుంటాడు. ఎదురుగా నేను మెడ వంచి నిలబడి ఉంటాను. శాలువా కోసం వంచిన మెడ అని ఎవరికి తెలుసు? చూసినవాళ్లు "పాపం, భాయ్ కాళ్లకు మొక్కుతున్నడు" అనుకుంటున్నారు.

అప్పటిదాకా నా కుళ్లు బండి మీదే ఉండేది. బండిదేముంది, కిందామీదా పడి నేనూ ఒకటి తెచ్చుకోవచ్చు. ఆ మనసు ఏ షోరూములో దొరుకుతుంది? దానికి రోజూ స్నానం కూడా అక్కర్లేదు.

పని అయ్యాక ఇద్దరం హోటల్లో చాయ్ తాగాం. కుర్తా అంచుకు ఎండిన బురదను గోటితో గీకుతూ భాయ్ ఒక్కసారిగా మండిపడ్డాడు.

"గా లిస్టు రాసినోడు ఎవడన్నా? వాని వల్ల నువ్వు బద్నాం అయితుంటివి. నడువు, యార్డుకు పోయి అడుగుదాం."

"వద్దు తియ్యి భాయ్. పిల్లలుగలోడు."

భాయ్ నా వంక అలాగే చూసి, తల ఊపి, "నువ్వు మరీ మంచోనివన్నా," అన్నాడు.

ఇంతవరకూ రాసినవాటిలో చాలా వాటిని మీరు సగానికి సగం చేసుకునే ఉంటారు. అవి పెంచినవే తప్ప కల్పించినవి కావు. కల్పించింది ఒక్కటే, ఆ తిరగబడిన వరస. సూపర్‌వైజరు నాకిచ్చిన కాగితం సరిగ్గానే ఉంది. సీ-వన్ అన్నిటికంటే పైన ఉండాలని పెద్దక్షరాలతో రాసి, దాని కింద రెండు గీతలు కూడా గీశాడు. నేను చదివాను. మడిచి జేబులో పెట్టుకున్నాను. తర్వాత యార్డు మొత్తం వెతికి, ఆ కాలమ్‌నే ముందుగా ఎత్తి ట్రైలరు అడుగున పెట్టాను.

భాయ్‌కి ఇంకా చెప్పలేదు. ఆయనకు కోపం వస్తుందని కాదు. చెప్తే అప్పుడు కూడా నన్నే వెనకేసుకొస్తాడేమోనని, అదే నా భయం.