కంబన్న విప్పించిన తాడు

నందికొట్కూరు చుట్టుపక్కల పల్లెల్లో మిద్దె కప్పాలంటే కంబన్ననే పిలిచేవాళ్లు. దూలాల మీద దంతె కర్రలు పేర్చి, మట్టి మెత్తి, పైన నీళ్లు దిగని చవుడుమన్ను పోసి ఆయన కప్పితే, ఎంత వాన కురిసినా చుక్క కారేది కాదు. పైకెక్కేముందు గోడను తాకి కళ్లకద్దుకొని, “సుంకులమ్మ తల్లీ, నీదే భారం” అనేవాడు. ముప్పై ఏండ్లలో ఒక్కసారీ కాలు జారలేదు. అది తల్లి దయ అని మొదట్లో అనుకునేవాడు. పోనుపోను తన కాలి గొప్ప కూడా కొంత ఉందనుకున్నాడు.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఎండాకాలం, ఆ పట్నం బయట ఒక గోదాముకు జింకు రేకులు కప్పే పని వచ్చింది. కంబన్న తన మనుషులను వెంటబెట్టుకొని పోయాడు. వాళ్లలో లాజరు మెత్తనివాడు. తన సద్దిలో పక్కవానికి ఇంత పెట్టందే ముద్ద ఎత్తేవాడు కాదు.

పని చేయించే ఓవర్సీరు రామలింగయ్య మొదటిరోజే మోకుతాళ్లు తెప్పించాడు.

“ఇది మీ మిద్దె కాదప్పా, వాలుగా ఉండే రేకు. పైకెక్కే ప్రతివాడూ నడుముకు మోకు కట్టుకోవాల. రెండో కొస పైనుండే ఇనుప దూలానికి కట్టాల. కట్టుకోనోడు ఎక్కేదానికి లేదు.”

తల్లి చేయి ఉండగా తాడెందుకు అనుకున్నాడు కంబన్న. ఆ తల్లే ఓవర్సీరు నోట ఆ మాట పలికించిందేమోనని ఆయనకు తట్టలేదు. రామలింగయ్య అటు పోగానే మోకు విప్పి, రేకులు పైకి లాగేదానికి పెట్టాడు. మిగిలినవాళ్లూ అదే పని చేశారు. లాజరొక్కడే విప్పలేదు.

“ఏమప్పా లాజరూ, నీ పెండ్లాం జ్ఞానమణి నిన్ను కట్టేసి పంపించిందా ఏమి? యాడికన్నా పారిపోతావనా?” అన్నాడు కంబన్న.

“గుంజకు కట్టిన దూడ మాదిరుండావప్పా! గడ్డి ఎయ్యమంటావా?” అన్నాడు జట్టులోని చిన్న ఈరన్న.

అందరూ పగలబడి నవ్వారు. లాజరు కూడా నవ్వాడు. “పెద్దోనివి, నీకే లేనిది నాకెందుకులేన్నా” అంటూ మోకు విప్పి కిందికి వదిలేశాడు.

మూడోనాటి మధ్యాహ్నం రేకు పెనంలా కాలుతోంది. మిద్దె పనిలో ఎండకు కాళ్లు కాలకుండా తడి గోనెపట్ట చుట్టుకోవడం వాళ్ల అలవాటు. మట్టి మీద అది పట్టు ఇస్తుంది. ఇక్కడా అట్లే చుట్టుకున్నారు. రేకు మీద తడిగోనె జారుతుందని ఒక్కరికీ తోచలేదు. “అన్నా” అన్న పిలుపు సగమే వినిపించింది. కంబన్న తిరిగి చూసేసరికి లాజరు కింద, పేర్చిన బండల మీద ఉన్నాడు.

నడుము విరిగింది. ఆసుపత్రిలో రామలింగయ్య, “మోకేమాయె?” అని గద్దించాడు. కంబన్న నోరు తెరిచేలోగా మంచం మీదినుంచి లాజరే అన్నాడు, “నేనే విప్పినా సారూ.”

కంబన్న తెరిచిన నోరు మూసుకున్నాడు.

తర్వాత పని లేనప్పుడల్లా కంబన్న లాజరు ఇంటికి పోయేవాడు. జ్ఞానమణి పసిబిడ్డకు చేసినట్టు మొగునికి అన్నీ చేసేది. చేస్తూనే తిట్టేది. “ఎన్ని తూర్లు చెప్పి పంపినా, పైన పదిలం అని! నా మాటంటే లెక్కలేకపాయె నీకు.” లాజరు ఒకసారి కంబన్న వైపు చూసి, గోడకేసి తల తిప్పుకునేవాడు. ఈరోజు చెప్పేద్దామనే కంబన్న ప్రతిసారీ పోయేది. ఆమె సంగటిముద్దలో గుంత చేసి పులుసు పోసి ముందు పెట్టేది. “తినన్నా, ఇంత దూరం నడిచి వచ్చినావు. సొంత అన్నయినా ఇట్ల చూడడు.” ఆ మాట విన్నాక కంబన్న ముద్ద తినేసి, చెప్పకుండానే లేచి వచ్చేవాడు.

వానలు పడే నాటికి లాజరు వీపంతా పుండ్లు పడ్డాయి. జ్వరం తగులుకుంది. శ్రావణంలో పోయాడు.

లాజరును మట్టి చేసిన మూడోనాడు కంబన్న పోయి అరుగు మీద కూర్చున్నాడు. జ్ఞానమణి గడపలో కూలబడి ఏడుస్తోంది. “కడాకి గూడా తిట్టినానన్నా. నా మాట ఇన్లేదనే కోపంతోనే నీళ్లు తాగిచ్చినా.”

ఇక కంబన్న ఆగలేకపోయాడు. “ఆయప్ప నీ మాట ఇన్యాడమ్మా. మోకు కట్టుకున్యాడు. నేనే ఎగతాళి చేసి విప్పిచ్చినా.”

జ్ఞానమణి ఏడుపు ఆగింది. కేకలు వేయలేదు, దుమ్మెత్తి పోయలేదు.

“ఆ ఒక్క మాట ఆయప్ప బతికుండంగా చెప్పింటే, తిట్టకుండా సాకిందును గదన్నా” అంది.

ఆమె లేచి లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. గడియ మాత్రం పెట్టలేదు. పోవాలో ఉండాలో తెలియక, కంబన్న చాలాసేపు ఆ అరుగు మీదే కూర్చున్నాడు.