వెర్లిన్ పక్క సీటు

ఎనభై ఒకటో ఏట వెర్లిన్ ఓస్టర్‌గార్డ్‌కి పరీక్ష తప్పాలన్న కోరిక పుట్టింది. బడికెళ్ళే రోజుల్లో కోరకుండానే తప్పేవాడు. ఇప్పుడు కోరి కూర్చున్నా తప్పేట్టు లేదు.

పరీక్ష అంటే విమానం నడిపే పరీక్ష. నెబ్రాస్కా మొక్కజొన్న పొలాల మధ్య ఉన్న బ్రెండల్‌లో ప్రతి కొట్టంలోనూ ట్రాక్టరుంటుంది, ఏ నాలుగైదు కొట్టాల్లోనో దాని పక్కన ఓ చిన్న విమానం కూడా ఉంటుంది. నడిపేవాళ్ళ పక్కన రెండేళ్ళకోసారి శిక్షకురాలు కూర్చుని, కాసేపు అటూ ఇటూ తిప్పించి, బాగుంటే సంతకం పెడుతుంది. బాగాలేకపోతే పెట్టదు. ఆ పెట్టకపోవడమే వెర్లిన్‌కి కావలసింది. కానీ ఆ మాట నోరు విడిచి చెప్పుకోలేడు. ఎందుకు చెప్పుకోలేడో ఆయన నెత్తి మీది టోపీ చెబుతుంది.

‘నా రెక్కలు, నా ఇష్టం’ అని ఎర్రదారంతో కుట్టి ఉంటుంది దాని మీద.

అది ఆయన మాటే. పోయిన సెప్టెంబర్లో ఊరి విమానాల మైదానం కమిటీ వాళ్ళు ఓ కొత్త నియమం తెచ్చారు. డెబ్భై అయిదు దాటినవాళ్ళు ఒంటరిగా ఎగరకూడదు, పక్కన నడపడం వచ్చిన ఇంకొకరు ఉండాలి అని. ఊరి సభలో వెర్లిన్ లేచాడు. “నా పళ్ళు కట్టుడువి, నా మోకాలు కట్టుడుది, ఒప్పుకుంటా. నా బుర్ర మాత్రం నాదే! ఎనభై నిండటం నేరమా? నాకు ఆయాగా ఎవర్ని పెడతారయ్యా? నా రెక్కలు, నా ఇష్టం!” అన్నాడు. హాలంతా చప్పట్లు. నియమం మూలపడింది. నేస్తం డ్వేన్ పాస్పిషిల్ ఆ మాటని టోపీల మీద కుట్టించి ఊరంతా పంచాడు. కమిటీ పెద్ద కూడా సిగ్గుపడుతూనే ఒకటి పెట్టుకున్నాడు.

ఆ చప్పట్లు చెవుల్లోంచి పోకముందే జరగాల్సింది జరిగింది.

అక్టోబర్లో ఓ మధ్యాహ్నం వెర్లిన్ పక్క జిల్లాకి ఎగిరి వెళ్ళి, అక్కడి మైదానం హోటల్లో చెర్రీ పళ్ళు కూరి కాల్చిన ‘పై’ తిని, ఒక్కడే తిరిగొస్తున్నాడు. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. ఉన్నట్టుండి కింద ఉన్న ఊరేమిటో తెలియలేదు. ఆ రోడ్లు చూసినట్టే ఉన్నాయి, ఆ ధాన్యం నిల్వచేసే గోపురాలూ చూసినట్టే ఉన్నాయి, పేరు మాత్రం రాలేదు. దారి తప్పినవాళ్ళు చేసే పనే ఆయనా చేశాడు. కిందికి దిగి, మంచినీళ్ళ ట్యాంకు చుట్టూ ఓ చక్కరు కొట్టి, దాని మీద రాసిన ఊరి పేరు చదివాడు.

బ్రెండల్.

ఆ అక్షరాలకి రంగు వేయించడానికి ఇల్లిల్లూ తిరిగి చందాలు పోగేసినవాడు ఆయనే.

గబగబా విమానం కొట్టంలో పెట్టి ఇంటికి పోదామనుకున్నాడు. ఊరు మాత్రం ఉప్పొంగిపోయి ఉంది. “అదీ దెబ్బంటే! కమిటీ వాళ్ళ నెత్తి మీదే చక్కరు కొట్టావు కదరా!” అని డ్వేన్ వీపు మీద చరిచాడు. భార్య లొరీన్ మాత్రం, “మునిమనవలొచ్చే వయసులో ట్యాంకుల చుట్టూ ప్రదక్షిణలేంటి నీకు?” అని చివాట్లు పెట్టింది. వెర్లిన్ ఆ మెప్పునీ ఈ చివాట్లనీ నోరెత్తకుండా మింగాడు.

అప్పట్నించీ ఓ రోజు గాలి ఎక్కువన్నాడు, ఓ రోజు నూనె కారుతోందన్నాడు. తప్పక ఎగిరిన రోజుల్లో ట్యాంకు కనుమరుగు కాకముందే వెనక్కి తిప్పేవాడు. ఇంకోసారి అలా అయితే? కింద పిల్లల బడి ఉంటే? మానేద్దామంటే టోపీ ఒప్పుకోదు. అందుకే దేవుడి మీదా, జానెల్ కూబిచెక్ మీదా భారం వేశాడు. ఆ శిక్షకురాలే కాదంటే, ‘నేనేం చేస్తాను, రూలు!’ అని తిట్టుకుంటూ దర్జాగా మానేయొచ్చు.

జానెల్‌కి యాభై దాటాయి. చిన్నప్పుడు ఆమెకి మొదటిసారి ఆకాశం చూపించింది వెర్లినే. ఆ ఉపకారానికి బదులుగా ఆమె అప్పట్లో ఆయన టోపీలో వాంతి చేసుకుంది.

పరీక్ష రోజు రెండు మూడు తప్పులు చేద్దామనే ఎక్కాడు. చేతులు మాట వినలేదు. పక్కన మనిషి ఉందన్న ధైర్యానికి మలుపులన్నీ గీత గీసినట్టొచ్చాయి. పక్కగాలి ఈడ్చి కొడుతున్నా, కోడిపెట్ట గుడ్ల మీద కూర్చున్నంత మెత్తగా విమానం నేలని ఆనుకుంది.

“ఇంత బాగా నేనే దింపలేను,” అంది జానెల్, జేబులోంచి పెన్ను తీస్తూ.

“రెక్క కాస్త వాలింది కదూ?” అన్నాడు వెర్లిన్ ఆశగా.

“ఎక్కడా వాలలేదు.”

“రేడియోలో మాట తడబడ్డాను.”

“లేదే. ఏంటి మీ బాధ? తప్పించమంటారా ఏంటి?” అని నవ్వింది.

వెర్లిన్ నవ్వలేదు. ఆమె పెన్ను ఆగింది. ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, ట్యాంకు సంగతి మొత్తం కక్కేశాడు.

“అదా!” అంది జానెల్. “పండగ చేసుకుంటున్నారనుకున్నాం. ఊళ్ళో పిల్లలంతా చేతులూపారు కూడా.”

“చూశాను. ఎవరి పిల్లలో తెలియలేదు.”

ఆమె పెన్నుకి మూత పెట్టి జేబులో వేసుకుంది. “ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. లొరీన్‌తో చెప్పి వెళ్ళాలి. ఆయన సరేనన్నాకే మిగతావి. ఇక ఎగరడం సంగతంటారా... నా పక్కన మీరు బంగారంలా నడిపారు. ఒంటరిగా వద్దని చెప్పడానికి ఊళ్ళో ఓ రూలుండాల్సింది. దాన్ని ఎవరో లేచి నిలబడి చంపేశారు.”

“దెప్పకే తల్లీ.”

“దెప్పడం కాదు. వయసు చూసి కట్టేయొద్దన్నారు, అది నిజమే. ఎవరి సంగతి వాళ్ళే తేల్చుకుంటారన్నారు. మరి తేల్చుకోండి! మీ రెక్కలు, మీ ఇష్టం.”

తన మాట తనకే ఇంత చేదుగా ఉంటుందని వెర్లిన్ అనుకోలేదు. అయినా ఆ సాయంత్రమే లొరీన్‌కి అంతా చెప్పాడు.

డాక్టరు అన్నీ చూశాడు. రక్తపోటు మందు ఎక్కువై ఆ పూట తల దిమ్మెక్కి ఉంటుందన్నాడు, మందు మార్చాడు. పక్కన ఒకరుంటే నడపొచ్చన్నాడు; ఆ మాట విన్నాకే జానెల్ సంతకం పెట్టింది. లొరీన్ కాస్త ఏడ్చి, ఆ తర్వాత చాలాసేపు తిట్టింది.

ఇక మిగిలింది మైదానం కాఫీ గది. శనివారం పొద్దున్న అందరూ దాల్చినచెక్క బన్నులు తింటుండగా వెర్లిన్ లేచి నిలబడ్డాడు. మళ్ళీ ఉపన్యాసమనుకుని చప్పట్లకి సిద్ధమయ్యారు.

“నేనిక ఒంటరిగా ఎగరను,” అన్నాడు. “రూలు కాదు. నా ఇష్టం.” ట్యాంకు సంగతి కూడా చెప్పేశాడు.

చప్పట్లకి ఎత్తిన చేతులు మళ్ళీ బన్నుల మీదికి దిగాయి. అందరూ నవ్వుతారని వెర్లిన్ తల దించుకున్నాడు. ముందుగా నోరు తెరిచింది డ్వేన్.

“హమ్మయ్య!” అన్నాడు, బన్ను కింద పెట్టి.

“హమ్మయ్యేంటిరా?”

“నేను పోయిన ఎండాకాలం నించీ గాల్లోకే లేవలేదురా. రేడియోలో వాళ్ళేమంటున్నారో ఒక్క ముక్క వినపడి చావదు. ఇంజను పెట్టి, మైదానం చుట్టూ బండిలా తిప్పి, మళ్ళీ కొట్టంలో పెట్టేస్తున్నా.”

“మరి టోపీలు పంచావు కదరా దొంగవెధవా!”

“నువ్వు ఉపన్యాసమిచ్చాక నేనెలా చెప్పను?”

అప్పుడు పేలింది నవ్వు. కమిటీ పెద్ద అందరికంటే ఎక్కువ నవ్వి, తన టోపీ తీసి ఇస్త్రీ చేసినట్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ వచ్చే శనివారం ఇద్దరూ కలిసి ఆ చెర్రీ ‘పై’ తినడానికి విమానంలో వెళ్ళారు. నడిపేవాడు కూర్చునే ఎడమ సీటెవరిదని కాసేపు పోట్లాడుకున్నారు. వెళ్ళేటప్పుడు వెర్లిన్‌ది, వచ్చేటప్పుడు డ్వేన్‌ది అని తేలింది. రేడియో వినడం ఎటూ వెర్లిన్ పనే. తిరిగొస్తుంటే ఎండలో ట్యాంకు తెల్లగా మెరిసింది.

“బ్రెండల్,” అన్నాడు డ్వేన్, అక్షరం అక్షరం విడదీసి.

“తెలుసులేరా,” అన్నాడు వెర్లిన్. కాస్సేపాగి, “అయినా చెబుతుండు,” అన్నాడు.

“ఆఁ? ఏంటీ? వినపడలా!”