తొమ్మిదిమందికి అనుమతి అక్కర్లేదు

పల్నాడు కొత్త జిల్లాగా ఏర్పడిన ఏడాది జూన్‌లో నన్ను వినుకొండ నుంచి నరసరావుపేటకు బదిలీ చేశారు. హోదా హెడ్ కానిస్టేబులు, పని స్టేషన్ రైటరు. రైటరంటే కథలు రాసేవాడని మా వియ్యంకుడు చాలాకాలం అనుకున్నాడు. పోలీసు స్టేషన్లో రైటరంటే ఫిర్యాదు దగ్గర్నుంచి బందోబస్తు పథకం దాకా ప్రతి కాగితాన్నీ రాసేవాడు. కింద సంతకం ఎస్సై గారిదో, డీఎస్పీ గారిదో ఉంటుంది. పైన వాక్యం మాత్రం రైటరుది.

ఊరేగింపులకు, సభలకు అనుమతి ఉత్తర్వులు రాయడంలో నాకు కాస్త పేరుండేది. అనుమతి ఉత్తర్వంటే, మొదటి వాక్యంలో సరేనని చెప్పి, తర్వాత రెండు పేజీల్లో ఆ సరేకి షరతులు పెట్టడం. రేపు ఏదైనా జరిగితే పై అధికారి మొదట అడిగే ప్రశ్న ‘కండిషన్ పెట్టారా లేదా’ అనే. పెట్టి ఉంటే తప్పు నిర్వాహకులది, పెట్టకపోతే మాది. అందుకని షరతు రాయడానికి పెద్దగా ఆలోచించాల్సిన పనిలేదు. రాయకుండా వదలడానికే ధైర్యం కావాలి. నాకు అంత ధైర్యం సర్వీసు ఆఖరిదాకా కలగలేదు.

రైల్వే గేటు అవతల మస్తాన్ వలీ అనే సైకిల్ మెకానిక్ ఉన్నాడు. నా ఈడువాడే. అతని కొట్లో ఒక పద్ధతి ఉండేది. వారమంతా బాగుచేసిన సైకిళ్ళన్నీ ఆదివారం పొద్దున్నే వాటి యజమానులతో సహా కోటప్పకొండ కింది దాకా వెళ్ళి రావాలి. రానూపోనూ పాతిక కిలోమీటర్లు. కొట్టు ముందు రెండు చుట్లు తిప్పితే ఏ సైకిలైనా బాగానే ఉంటుందని, పది కిలోమీటర్లు తొక్కాకే దాని అసలు జబ్బు బయటపడుతుందని అతని సిద్ధాంతం. కొండ కింద ఆగి, మూలిగే చైనునూ కొట్టుకునే చక్రాన్నీ అక్కడే సరిచేసేవాడు. దానికి మళ్ళీ డబ్బులు తీసుకునేవాడు కాదు. తాపీ మేస్త్రీలు, పాలవాళ్ళు, బట్టల కొట్టు గుమాస్తాలు, హాస్టల్లో వంటచేసే ఒకావిడ, ఇలా ఒక్కోవారం ముప్పై నలభై మంది పోయేవాళ్ళు. కొందరు సైకిలుకు ఏ రోగమూ లేకపోయినా సరదాకి పోయేవాళ్ళు.

నేను చేరిన రెండో నెలలో, కొండకు ముందు మలుపులో ఈ సైకిళ్ళ వల్ల ఒక బస్సు ఆగిపోయిందని ఫిర్యాదు వచ్చింది. ఎస్సై గారు దాన్ని నా బల్లమీద పెట్టి, “రెగ్యులరైజ్ చెయ్” అన్నారు. అంటే ఇన్నాళ్ళూ కాగితం లేకుండా నడుస్తున్నదానికి కాగితం పుట్టించడమని అర్థం. మస్తాన్‌ను పిలిపించి అర్జీ పెట్టుకోమన్నాను.

“అర్జీ ఏంది సార్? రిపేరు కుదిరిందో లేదో చూసుకోటానికి పోతన్నాం,” అన్నాడు.

ఎంతమంది వెళ్తారని అడిగాను.

“అది చెప్పలేం సార్. ఆ వారం ఎన్ని చైన్లు తెగినయ్యో దాన్నిబట్టి.”

పదిమంది, అంతకుమించి వరసగా సైకిళ్ళ మీద పోతే అది ర్యాలీ అని, ర్యాలీకి అనుమతి కావాలని, ఆ అనుమతిని రిజిస్టరైన సంస్థే అడగాలని చెప్పాను. పది అనే అంకె నాకు ఏ పుస్తకంలోనూ కనబడలేదు. ఏదో ఒక అంకె ఉండాలి కాబట్టి పదని రాశాను. మస్తాన్ దాన్ని ఒకసారి పైకే అనుకుని వెళ్ళిపోయాడు.

సంస్థను కోటేశ్వరరావు గారు పెట్టారు. బట్టల వ్యాపారి, మంచి మనిషి. డాక్టరు నడవమంటే నడవలేక గేర్ల సైకిలు కొనుక్కున్నారు. ఆయన ఒక సైకిల్ క్లబ్బును రిజిస్టరు చేయించి, మస్తాన్‌నూ అతని జనాన్నీ కలుపుకుని అర్జీ పెట్టారు. వారం వారం అనుమతి ఇవ్వడం కుదరదన్నాను. చివరికి ఏడాదికి ఒక్కసారి, డిసెంబరులో ఒక ఆదివారం అని తేలింది. మిగతా ఆదివారాలు ఆగిపోయాయి.

మొదటి ఏడాది ఆరు షరతులు రాశాను. పాల్గొనేవాళ్ళ జాబితా, తాగేనీళ్ళు, మలుపుల దగ్గర వాలంటీర్లు, ఇలాంటివి. ప్రవేశ రుసుము యాభై రూపాయలు పెట్టారు. అరటిపండు, మజ్జిగ ప్యాకెట్టు ఇచ్చారు. మస్తాన్ మనుషులు కాస్త గొణిగినా అందరూ కట్టి వచ్చారు. వంటావిడ మజ్జిగ రెండోది అడిగి తాగింది.

రెండో ఏడాది ఇంకో నాలుగు కలిపాను. దూరం నుంచి గుర్తుపట్టడానికి అందరికీ ఒకే రంగు టీషర్టు, ఛాతీ మీద నంబరు, హెల్మెట్, అంబులెన్సు. రుసుము మూడు వందలైంది. ఆ ఏడాదే ఒక దంతవైద్యుడు మలుపులో జారిపడ్డాడు. తలకు దెబ్బ తగలలేదు, హెల్మెట్ పగిలింది. అంబులెన్సు అయిదు నిమిషాల్లో ఆస్పత్రికి చేర్చింది. డీఎస్పీ గారు నా ఉత్తర్వును మీటింగులో అందరికీ చదివి వినిపించారు. రాసినవాణ్ణి నేనని ఆయన చెప్పలేదు గానీ, చదివేటప్పుడు నావైపు చూశారు. ఆ ఊపులో మూడో ఏడాదికి ఇంకో నాలుగు కలిపాను. బీమా, బారికేడ్లు, అరవై దాటినవాళ్ళకు డాక్టరు సర్టిఫికెట్టు. పదకొండోది మెకానిక్ గురించి: ఒక మెకానిక్ తన పనిముట్లతో మోటారు వాహనంలో అందరికంటే వెనక రావలెను.

రుసుము తొమ్మిది వందలైంది.

నవంబరులో కోటేశ్వరరావు గారు స్టేషనుకొచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. మనిషి చిక్కిపోయారు, సైకిలు వల్ల మాత్రం కాదు.

“రైటర్ గారూ, ఊళ్ళో నన్ను దొంగను చూసినట్టు చూస్తన్నారండీ. ఫీజంతా నేనే తింటన్నానంట. నేనెక్కడ తింటానండీ? మీ పద్నాలుగు కండిషన్లే తింటన్నయ్,” అని ఒక కాగితం తీశారు. ప్రతి ఖర్చు పక్కనా ఎర్ర సిరాతో నా షరతు నంబరు వేసి ఉంది. ఒక్క ఖర్చు కూడా నంబరు లేకుండా లేదు. రెండు షరతులైనా తీసేయమన్నారు.

నేను కాగితం మొత్తం చదివాను. బారికేడ్ల పక్కన పన్నెండు అని వేసి ఉంది. నిజానికి అది పదమూడు. దాన్ని దిద్ది ఆయన చేతికిచ్చాను. ఒకసారి పెట్టిన షరతును తీసేస్తే, ఎందుకు తీశారని అడుగుతారు. ఎందుకు పెట్టారని మాత్రం ఎవరూ అడగరు. ఈ సంగతి ఆయనకు వివరించాను. ఆయన మర్యాదగా విని లేచి వెళ్ళారు.

వారం తర్వాత మస్తాన్ వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“మావాళ్ళు ఒక్కళ్ళూ రాటల్లేదు సార్. తొమ్మిది వందలంటే మేస్త్రి సైకిలుకి రెండు టైర్లు, రెండు ట్యూబులు వస్తయ్. అయ్యి ఏపిచ్చుకుని ఇంట్లో కూసుంటామంటన్నారు.”

అతని బాధ అదొక్కటే కాదు. ఆదివారాలు ఆగిపోయినప్పట్నుంచీ అతని పని మీద అతనికే నమ్మకం పోయింది. సైకిలు బాగుచేసి పంపడం, మూడోరోజున అదే సైకిలు కూతపెడుతూ తిరిగి రావడం. ముప్పై ఏళ్ళుగా ఒక్కరితోనూ మాట పడలేదని, ఇప్పుడు వారానికి ఇద్దరన్నా అంటున్నారని చెప్పాడు. మావాళ్ళు లేకపోయినా నేనైనా తొక్కాలి, నేను పెట్టిన రైడు కదా సార్, అన్నాడు.

నేను అతనికి మేలు చేద్దామనుకున్నాను. పదకొండో షరతు ప్రకారం మెకానిక్ కావాలి, మెకానిక్‌కు రుసుము లేదు. కోటేశ్వరరావు గారికి ఫోన్ చేసి మస్తాన్ పేరు రాయించాను. ఆ రోజు ఇంటికెళ్ళి ఈ మాట మా ఆవిడకు కూడా గొప్పగా చెప్పుకున్నాను.

రైడు రోజున నా బందోబస్తు కొండ ముందు మలుపులో. రెండు వందల దాకా సైకిళ్ళు వెళ్ళాయి, చాలావరకు గేర్లవి, కొత్తవి. గుంటూరు నుంచి, విజయవాడ నుంచి కార్ల మీద కట్టుకుని తెచ్చుకున్నారు. మేస్త్రీలు లేరు, పాలవాళ్ళు లేరు, వంటావిడ లేదు. అందరికంటే వెనక ట్రాలీ ఆటో వచ్చింది. వెనక తొట్టిలో స్టూలు మీద మస్తాన్ కూర్చున్నాడు. ‘మెకానికల్ సపోర్ట్’ అని రాసిన పసుప్పచ్చ టీషర్టు వేసుకున్నాడు. పక్కనే అతని సైకిలు, తాడుతో కట్టేసి ఉంది.

కొండ ఇంకో రెండు కిలోమీటర్లుందనగా, ఈ కాస్తా దిగి తొక్కుకుంటానని అక్కడున్న కానిస్టేబుల్ని అడిగాడట. కానిస్టేబులు ఉత్తర్వు తీసి పదకొండో షరతు చదివి వినిపించాడట. కుర్రాడికి అలా చదవమని నేర్పింది నేనే.

తిరుగు ప్రయాణంలో ఆటో నా ముందు ఆగింది. ఎవరి సైకిలైనా చెడిందా అని అడిగాను.

“ఏదీ చెడలా సార్. అన్నీ కొత్తయ్యే గదా. చానా బాగుంది. కాళ్ళనొప్పులు కూడా లేవు,” అన్నాడు మస్తాన్.

నాకు సిగ్గేసింది. ముప్పై ఏడేళ్ళ సర్వీసులో తిట్లు తిన్నాను, ఒకసారి మెమో తిన్నాను. వాటికి లేని సిగ్గు ఆ ఒక్క మాటకు వేసింది. ఆటో పోవచ్చునని చెయ్యి ఊపాను.

ఫిబ్రవరిలో మస్తాన్ మళ్ళీ వచ్చాడు. ఈసారి ఒక్క ప్రశ్నే.

“సార్, అప్పుడు పదిమందైతే ర్యాలీ అన్నారు. మరి తొమ్మిదిమందైతే?”

తొమ్మిదిమందైతే రోడ్డు మీద పోతున్న మనుషులు, అన్నాను.

“కాయితం?”

అనుమతి అక్కర్లేనిదానికి కాగితం ఉండదన్నాను. అతను తల ఊపి, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, “తొమ్మిదేగా సార్?” అని ఖాయం చేసుకుని వెళ్ళాడు.

నెల తిరక్కుండా ఫిర్యాదొచ్చింది. క్లబ్బులో డబ్బు కట్టి తొక్కినవారొకరు రాశారు. అనుమతి లేకుండా, రుసుము లేకుండా ప్రతి ఆదివారం కొండకు సైకిల్ ర్యాలీ జరుగుతున్నదని. ఎస్సై గారు విచారణ నాకే అప్పగించారు. అప్పటికి నాకు ఏఎస్సైగా పదోన్నతి వచ్చింది, పదవీ విరమణకు రెండు నెలలుంది.

ఆదివారం పొద్దున్నే అదే మలుపులో నిలబడ్డాను. మొదట ఒక జట్టు వచ్చింది. లెక్కపెట్టాను, తొమ్మిదిమంది. అయిదు నిమిషాలు రోడ్డు ఖాళీ. తర్వాత ఇంకో తొమ్మిది. అలా నాలుగు జట్లు. మూడో జట్టులో వంటావిడ నన్ను చూసి బెల్లు కొట్టింది. ఆఖరి జట్టులో చివర మస్తాన్, హ్యాండిలుకు పానాల సంచి తగిలించుకుని తొక్కుతున్నాడు. నన్ను చూసి ఆగలేదు. మధ్యలో ఒక బస్సొచ్చింది, ఎక్కడా ఆగకుండా పోయింది.

నివేదిక నాలుగు వాక్యాలు రాశాను. ఫిర్యాదులో పేర్కొన్న ర్యాలీ విచారణలో కనబడలేదనీ, కొందరు వ్యక్తులు సైకిళ్ళపై రోడ్డు మార్గాన వెళ్తుండగా గమనించడమైనదనీ, ట్రాఫిక్‌కు అంతరాయం లేదనీ, చర్య అవసరం లేదనీ. ఆ సైకిళ్ళ గురించి నేను షరతు లేకుండా రాసిన మొదటి కాగితం అది. ఎస్సై గారు చదివి, “ఇంతేనా?” అన్నారు. ఇంతేనన్నాను. సంతకం పెట్టారు.

రిటైరయ్యాక, కానిస్టేబులుగా ఉన్నప్పుడు కొన్న నా పాత సైకిలును మస్తాన్ కొట్టులో బాగుచేయించాను. తీసుకెళ్ళేటప్పుడు, ఆదివారం రమ్మన్నాడు, కొండదాకా తొక్కితేగాని తెలియదని. ఆరు గంటలకల్లా వెళ్ళాను. అప్పటికే ఒక జట్టు బయల్దేరబోతోంది. వెళ్ళి వాళ్ళ వెనక నిలబడ్డాను.

మస్తాన్ వచ్చి లెక్కపెట్టాడు. “తొమ్మిది అయిపోయినయ్ సార్. మీరు పదో మనిషి. తర్వాతి జట్టులో రండి.”

ఒక్కడికే ఏమవుతుందయ్యా అన్నాను.

“మీరే చెప్పారుగా సార్,” అన్నాడు. వెటకారం లేదు. అతను ఆ అంకెను నాకంటే ఎక్కువ గౌరవిస్తున్నాడు.

పక్కన నిలబడ్డాను. మిగతా ఎనిమిదిమంది వచ్చేదాకా ఇరవై నిమిషాలు పట్టింది. నా ఉత్తర్వులన్నీ ‘వలెను’తో ముగిసేవి. ఉండవలెను, తేవలెను, వేచియుండవలెను. ఆ మాట కింద నిలబడ్డం నాకు అదే మొదటిసారి. హెల్మెట్ షరతు ఈరోజైనా రాస్తాను, అది ఒక మనిషి తలను కాపాడింది. మిగతావాటిలో చాలావరకు నన్ను నేను కాపాడుకోవడానికి రాసుకున్నవి, వాటి ఖరీదు వంటావిడ లాంటివాళ్ళు కట్టాలని తెలిసి కూడా పట్టించుకోలేదు. షరతు రాసేవాడు దాన్ని ముందు తనమీద ఒకసారి అమలు చేసుకోవాలన్నది ఈ ఉదంతం వల్ల నేర్చుకున్నాను. నేర్చుకునేటప్పటికి నాకు కలం లేదు, సైకిలుంది. దానికీ వెనక బ్రేకు సరిగా పట్టలేదని కొండ కింద తేలింది.