గొర్రెలు లేని చలిమంట

నా చిన్నప్పుడు, తొంభైల చివర్లో, కుందుర్పి అవతల మా పల్లె నుంచి హైస్కూలుకు సైకిలు మీద పోయే ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఈ మాట చెబితే మా పిల్లలు నవ్వుతారు. స్కూటరు మీద కాలు కింద పెట్టకుండా బడికి పోతూ కూడా డిసెంబరు వస్తే చలి అని, ఏప్రిల్ వస్తే ఎండ అని ఒకటే సణుగుడు. చలికాలంలో సైకిలు తొక్కడమంటే ఏమిటో వాళ్లకు ఒకసారి కూర్చోబెట్టి చెప్పాలి. వేళ్లు కొంకర్లు పోవడం గురించి కాదు.

నేను ఒంటరిగా పోయేదాన్ని కాదు. మా నాయన తమ్ముడు, నాకు చిన్నాయన, ఊళ్లో పాలు పోయించుకుని సైకిలుకు రెండు వైపులా క్యాన్లు కట్టుకుని తారురోడ్డు దాకా తీసుకుపోయేవాడు. మా బడి ఆ తారురోడ్డు పక్కనే. పదో తరగతి వాళ్లకు తెల్లవారగానే స్టడీ అవర్లు పెట్టారు కాబట్టి నేను ఆయన వెనకాలే బయలుదేరేదాన్ని. చిన్నాయన మాట తక్కువ మనిషి. తన్నిన బర్రెను కూడా "ఏమే, పొద్దున్నే నీకేం కోపం" అని అడిగేవాడే తప్ప చెయ్యెత్తేవాడు కాదు.

ఎండాకాలం సైకిలుకు నరకం. ట్యూబుకు వేసిన ప్యాచీ వేడికి ఊడిపోయేది, సర్కారు తుమ్మ ముళ్లు టైర్లో దిగేవి. ఆషాఢం గాలి మొదలైతే ఇంకేం చెప్పను, ఎదురుగాలికి దిగి నెట్టుకుంటూ నడవాల్సిందే, నోటినిండా దుమ్ము. కానీ ఆ కాలంలో ఒక మేలుంది. చెట్టూ చేమా లేని మెట్ట భూమి కదా, అల్లంత దూరం నుంచే వచ్చే మనిషి కనపడతాడు. మొహం కనపడుతుంది. నవ్వాలో, పక్కకు తప్పుకోవాలో ముందే తేల్చుకోవచ్చు.

చలికాలం వస్తే సైకిలుకు పండగ. గాలి పడిపోయేది, వానలకు దుమ్మణిగి దారి గట్టిపడేది, చక్రం తనంతట తనే దొర్లుతున్నట్టుండేది. మనిషికి మాత్రం మంచు. ఎదురొచ్చే ప్రతివాడూ తలకూ ముక్కుకూ తువ్వాలు చుట్టుకుని, కళ్లు రెండూ వదిలేసి మిగతా మొహమంతా మూసుకునేవాడు. ఎవరు ఎవరో తెలిసేది కాదు. మామూలు ఊరైతే ఇందులో భయపడాల్సింది ఏమీ లేదు. మాది ఆ రోజుల్లో మామూలు ఊరు కాదు.

ఊరు రెండు వర్గాలుగా చీలి ఉండేది. ఎందుకు చీలిందో కొట్టుకునేవాళ్లకే సరిగ్గా గుర్తు లేదు. ఒక వర్గానికి పెద్ద మిద్దింటాయన. నేను పదో తరగతిలోకి వచ్చిన ఎండాకాలంలో ఆయన మా చిన్నాయనను దారిలో ఆపాడు. అవతలి వర్గం ఇళ్లకు పాలు పోస్తున్నాడని కోపం. క్యాన్లు రెండూ తన్ని పడగొట్టాడు. పాలన్నీ నేల మీద పారి, చూస్తుండగానే ఎండిన మట్టిలోకి ఇంకిపోయాయి. తర్వాత సైకిలు చైను తీసుకుని చిన్నాయన వీపు మీద వాయించాడు. నేను పక్కనే నిలబడి అరుస్తూనే ఉన్నాను. చేలలో పనిచేస్తున్నవాళ్లు తలలెత్తి చూసి మళ్లీ వంచుకున్నారు. ఆ వీపుకు మా చిన్నమ్మ నెలంతా ఆముదం రాసింది. ఆ మనిషి చావాలని, అదీ నా కళ్ల ముందు చావాలని నేను రోజూ కోరుకున్నాను. దాచడమెందుకు, ఒళ్లంతా మండేది నాకు.

వానాకాలంలో అవతలి వర్గం పెద్దాయన తమ్ముణ్ణి పొలంలో నరికి చంపారు. ఇక ఈసారి మిద్దింటాయనదే వంతు అని ఊరంతా గుసగుసలు. ఆయన జీపు ఎక్కడం మానేశాడు. జీపు కోసం కాచుకుని ఉంటారని, చలికాలం మొదలయ్యాక కూలివాళ్లలాగా తువ్వాలు చుట్టుకుని, ఎవరిదో పాత సైకిలు తొక్కుకుంటూ తెల్లవారకముందే బయటికి పోయివచ్చేవాడట. అందరూ ముసుగులోనే ఉంటారు కాబట్టి తననెవరూ పోల్చలేరని ఆయన లెక్క. చంపాలనుకునేవాళ్లు కూడా అదే ముసుగులో రావచ్చని ఆయనకు తోచలేదు.

ఆ రోజు మంచు బాగా దట్టంగా ఉంది. వంక మీద కట్టిన చిన్న వంతెన, మోరీ, దగ్గరికి వచ్చేసరికి పక్కన చలిమంట కనపడింది. చుట్టూ కంబళ్లు కప్పుకున్న మనుషులు. గొర్రెల కాపర్లు అలా మంట వేసుకోవడం మాకు కొత్త కాదు. నేను తొక్కుతూనే ఉన్నాను. చిన్నాయన మాత్రం కాలు కింద పెట్టేశాడు.

"మంట ఉండాది, గొర్లు లేవు" అన్నాడు, నాకు మాత్రమే వినపడేటట్టు.

నిజమే. ఒక్క గొర్రె అరుపు లేదు, కుక్క మొరగలేదు. అప్పుడే చూశాను, మాకు నాలుగు బారల ముందు ఒక మనిషి సైకిలు పడుకోబెట్టి, ఊడిన చైను ఎక్కించుకుంటున్నాడు. మొహానికి ఎర్ర తువ్వాలు. మా అలికిడికి తలెత్తాడు. ఆ కళ్లు నేను మర్చిపోయేవి కావు. మిద్దింటాయన. మంట దగ్గర మనుషులు లేచి మా వైపు రావడం మొదలుపెట్టారు. ముందున్నవాడి కంబళి కింద నుంచి వేటకొడవలి కొస కనపడింది.

నా కోరిక తీరే పొద్దు వచ్చింది. నాకు సంతోషం మాత్రం కలగలేదు.

చిన్నాయన సైకిలు పడేశాడు. క్యాను మూత ఎగిరిపోయి పాలు కారిపోతున్నాయి. పాలు కొలిచే లీటరును దాని పొడుగాటి కాడతో సహా లాగి, పరుగున పోయి ఆ ముసుగు మనిషి మొహం మీద కొట్టాడు. అల్యూమినియం మోగింది. చీమకు కూడా హాని తలపెట్టని మనిషి, తువ్వాలు మీదే, ముక్కు మీద, కనుబొమ్మ మీద, మూతి మీద, ఆగకుండా కొడుతున్నాడు. కొడుతూ తిడుతున్నాడు.

"థూ, నీ బతుకు చెడ! నీ యక్క జ్వరంతో పడుండాది, మందు తేరా అని పంపిస్తే రాత్రంతా తాగి యాడ పండుకుంటివిరా? నిన్ను నమ్ముకున్నేదానికి నన్ను నేను కొట్టుకోవాల!"

కింద పడ్డ మనిషి మొదట చెయ్యి అడ్డం పెట్టాడు. తర్వాత ఏం అర్థమైందో, ఆ చెయ్యి దించేశాడు. దెబ్బలన్నీ మొహంతోనే కాచుకున్నాడు. తువ్వాలు తడిసి నల్లబడింది. రక్తం గడ్డం మీదుగా చొక్కాలోకి పోతోంది. కంబళ్లవాళ్లు వచ్చి చుట్టూ నిలబడ్డారు. మాటలో కన్నడం కలిసి ఉంది, మా ఊరివాళ్లు కాదు, ఎవరో పంపితే వచ్చినవాళ్లు. వాళ్లలో ఒకడు చిన్నాయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఇడువప్పా పాలాయనా, సచ్చిపోతాడు!"

చంపడానికి వచ్చినవాడు ఆ మాటన్నాడు. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది, అప్పుడు రాలేదు. ముందున్నవాడు మాత్రం అంత తేలిగ్గా నమ్మలేదు. వంగి తువ్వాలు లాగేశాడు. కింద మొహమన్నది లేదు. నుదురు చీలి, ముక్కు పక్కకు పోయి, రక్తంలో తడిసిన ముద్ద. ఎంత చూసినా ఏమీ పోల్చుకోలేక, వాడు తల తిప్పి నన్ను చూశాడు.

"పాపా, ఈయప్ప నీకేం కావల్ల?"

చిన్నాయన నా వైపు చూడలేదు. లీటరు పట్టుకున్న చేతికేసి చూస్తూ రొప్పుతున్నాడు. నేను నిజం చెబితే చాలు. పేరు కూడా అక్కర్లేదు, తెలియదంటే చాలు. పారబోసిన పాలు, చైను దెబ్బలు, ఆముదం వాసన, అన్నీ నా కళ్ల ముందే ఉన్నాయి. కింద పడ్డ మనిషి ఒక కన్ను మాత్రం తెరిచి నన్నే చూస్తున్నాడు. ఆ కంటిలో పెద్దరికం లేదు, వర్గం లేదు, బతకాలన్న ఆశ ఒక్కటే ఉంది.

"మా మామ. మా చిన్నమ్మ తమ్ముడు" అన్నాను. అని భోరున ఏడ్చాను. ఆ ఏడుపు నటన కాదు.

వాడు కొడవలి కంబళి కిందికి తీసుకున్నాడు. వెనక ఇంకో సైకిలు ఏమైనా వస్తోందా అని చిన్నాయనను అడిగాడు. "ఈ మంచులో నా ముందర చక్రమే నాకి కనపడ్లేదప్పా" అన్నాడు చిన్నాయన. వాళ్లు తిరిగి మంట దగ్గరికి పోయి కూర్చున్నారు. మేము ముగ్గురం సైకిళ్లు నెట్టుకుంటూ, వెనక్కి తిరగకుండా తారురోడ్డు దాకా నడిచాం. అంత సేపు నా వీపులో కొడవలి దిగుతున్నట్టే ఉంది.

రోడ్డు ఎక్కాక చిన్నాయన కాలవ పక్కన కూర్చుని వాంతి చేసుకున్నాడు. మిద్దింటాయన పళ్లు ఊడిన నోటితో, తనను ఎందుకు వదిలిపెట్టావని అడిగాడు. "ఇడ్సలేదు కదా, కొట్టినా కదా" అన్నాడు చిన్నాయన. తర్వాత మూతి తుడుచుకుని, "నిన్నీపొద్దు నరికింటే రేపు మీవోళ్లు ఇంగొకన్ని నరుకుతారు. ఈ దారిలో దినామూ పాప వస్తాదప్పా" అన్నాడు. లారీ ఒకటి ఆపి ఆయనను ఆసుపత్రికి ఎక్కించాం. ఆయన దండం పెట్టబోతే చిన్నాయన మొహం తిప్పుకున్నాడు.

ఆ రోజు బడికి పోలేదు నేను. ఇంటికి తిరిగొస్తుంటే చిన్నాయన తనంతట తనే చెప్పాడు. "మొదటి దెబ్బ వాని కోసరం కొట్నా పాపా. మిగిలినవి నా కోసరం." మంచి పని చేసిన చేతిలో కూడా కోపం ఉంటుందని, దాన్ని ఒప్పుకోవడానికి ఆ పని చేసినంత ధైర్యమూ కావాలని తర్వాత ఎప్పుడో అర్థమైంది.

దీనితో ఊరు మారిపోయిందని చెబితే అబద్ధం. మిద్దింటాయన కాపురం బళ్లారి వైపు మార్చేశాడు. ఆ తర్వాత కూడా చావులు జరిగాయి. చిన్నాయన పాల సైకిలు తొక్కుతూనే ముసలివాడై, మంచం మీద ప్రశాంతంగా పోయాడు.

మొన్న బస్టాండులో ఫోను దొంగిలించాడని ఒక పిల్లవాణ్ణి గుంపుగా పట్టుకుని కొడుతున్నారు. బెల్టులు తీశారు. నేను సంచీ పడేసి దూరిపోయి, వాడి మెడ పట్టుకుని నా వైపు లాక్కున్నాను. మా ఆయన ఇంటికొచ్చాక నన్ను తిట్టని తిట్టు లేదు, వాడెవడో నీకు తెలుసా అని. తెలియదు. దొంగో కాదో అది కూడా తెలియదు. అవన్నీ తర్వాత అడగొచ్చు, మనిషి మిగిలి ఉంటే. ముందు మాత్రం గట్టిగా, అందరికీ వినపడేలా, "కొట్టొద్దండప్పా, వీడు మావాడు" అనాలి.