బాలకృష్ణయ్య పులివెందుల ఆదివారాలు

ప్రొద్దుటూరు బట్టలంగడి గుమాస్తా బాలకృష్ణయ్యకు పులివెందులలో రెండో సంసారం ఉండేదని ఇప్పటికీ అనుకునేవాళ్ళున్నారు. అది శుద్ధ అబద్ధం. అది ఎవరి నోట పుట్టిందో పక్కింటి శేషమ్మకు బాగా తెలుసు, ఎందుకంటే ఆ నోరు ఆమెదే. కాబట్టి సరిదిద్దే భారమూ ఆమె మీదే పడింది.

శేషమ్మ ఐదో తరగతి చదివింది. ఆ చదువుతో వీధిలో అందరి ఉత్తరాలూ చదివిపెట్టేది, అడగనివాళ్ళవి కూడా. నయాపైసలు కొత్తగా వచ్చిన ఏడు, మద్రాసు కంపెనీ ఏదో బాలకృష్ణయ్యకు లావుపాటి కవరు పంపితే, అందులో ఏముందో అతని భార్య ఆదిలక్ష్మి కంటే ముందు శేషమ్మకే తెలిసింది.

కవరులో కూపన్లున్నాయి. ఒక కూపను కొన్నవాళ్ళకు అమ్ముకోవడానికి నాలుగు కూపన్లు వస్తాయి. ఆ నాలుగూ నలుగురికి అమ్మితే గోడ గడియారం పార్సిల్లో ఇంటికొస్తుంది. కొన్న నలుగురూ మళ్ళీ తలా నలుగురికి అమ్ముకోవాలి. ఒక పేరుకు ఒక్క కూపనే. వాటితోపాటు ధైర్యం చెప్పే అచ్చు కాగితం ఒకటి ఉంది. వద్దన్నవారి మీద కోపగించుకోవద్దు, నవ్వుతూ మళ్ళీ వెళ్ళండి, శుభ్రంగా వెళ్ళండి, వట్టి చేతులతో వెళ్ళవద్దు అని అందులో రాసుంది. బాలకృష్ణయ్య దాన్ని దేవుడి గూట్లో పెట్టుకుని, రోజూ స్నానం కాగానే చదివేవాడు. అంతకుముందు అతను పళ్ళపొడి ఏజెన్సీ తీసుకుంటే, ఇంటిల్లిపాదీ రెండేళ్ళు ఆ పొడితోనే పళ్ళు తోముకున్నారు. అయినా అతని నవ్వు తగ్గలేదు. పొడి మంచిదే.

తొలి కూపను కొన్నది శేషమ్మ. నెల తిరక్కుండా బాలకృష్ణయ్య ఇంటికి గడియారం వచ్చింది. రెండిళ్ళకూ నడుమనున్న గోడకే దాన్ని తగిలించాడు. అది కొట్టే గంటలు శేషమ్మ వంటింట్లోకి స్పష్టంగా వినబడేవి. తన దుడ్లతో వచ్చిన గడియారం పక్కింట్లో మోగుతుంటే ఆమెకు అన్నం సహించలేదు.

"నాది ఎప్పుడొస్తాది నాయనా?"

"నాలుగూ అమ్ము అత్తా, నువ్వు. అమ్మిన వారానికి వస్తాది."

శేషమ్మ కొంగున కూపన్లు కట్టుకుని బయలుదేరింది. పరాయివాళ్ళ గుమ్మం ఎక్కడం చిన్నతనమని అందరూ చేసిన పనే తనూ చేసింది: చుట్టాలిళ్ళకు పోయింది. వాళ్ళ కులంలో తరతరాలుగా మేనరికాలే. మేనమామే మామగారు, అత్త కూతురే వదిన. ఎవరి కూపను ఎక్కడ బయలుదేరినా మూడో ఇల్లు దాటేసరికి సొంతింటికే తిరిగివచ్చేది. జమ్మలమడుగులో ఒక సీమంతంలో శేషమ్మ వియ్యపురాలిని మూలకు పిలిచి కొంగు ముడి విప్పితే, అదే సమయానికి వియ్యపురాలూ తన కొంగు ముడి విప్పింది. ఇద్దరూ ఒకరి కూపన్లు ఒకరు చూసుకుని, మళ్ళీ ముడులు వేసుకుని, గాజులు బాగున్నాయని మాట్లాడుకున్నారు. ఆదిలక్ష్మి చిన్నాయనైతే జమ్మలమడుగు నుంచి బస్సు దిగి వచ్చి, బాలకృష్ణయ్యకే కూపను అమ్మబోయాడు.

వీధి వీధంతా విసుగెత్తి వదిలేసింది. శేషమ్మ నాలుగు కూపన్లూ బాలకృష్ణయ్య చేతిలో పెట్టి, "పొయ్యిలోకేసుకో పో" అంది. గడియారం అడగడం మాత్రం మానలేదు. తెల్లవారగానే అతని వాకిట్లో నిలబడేది.

"నా గడియారం యాడప్పా?"

"వస్తాది అత్తా. వచ్చినట్టే అనుకో."

ఆ తర్వాతే ఆదివారాలు మొదలయ్యాయి. ఉతికిన పంచె, నూనె రాసి దువ్విన తల, చేతిలో మిఠాయి పొట్లం. పొద్దున పులివెందుల బస్సెక్కితే దీపాలవేళకు వచ్చేవాడు. నాలుగు వారాలు శేషమ్మ ఓర్చుకుంది. ఆమె లెక్కన అది శానా ఓర్పు. ఐదో వారం గోడ మీదుగా ఆదిలక్ష్మిని ఒక్క ప్రశ్న అడిగింది.

"పులివెందుల్లో మీకెవరుండారు తల్లీ?"

అంతే అడిగింది. ఇంకొక్క మాట అనలేదని ఎక్కడైనా ప్రమాణం చేస్తుంది. ఆ ప్రశ్ననే మరో ఏడిళ్ళలో కూడా అడిగిన మాట మాత్రం నిజం. సాయంత్రానికి పులివెందులలో బాలకృష్ణయ్యకు భార్యా, ఇద్దరు పిల్లలూ పుట్టారు.

ఆదిలక్ష్మి మొగుణ్ణి నిలదీసింది. "పనుండాది" అన్నాడు, నవ్వుతూ. ఆ నవ్వే కొంప ముంచింది. మరునాడే ఆమె గోడ మీది గడియారం దించి, చీరలో చుట్టుకుని, జమ్మలమడుగు పుట్టింటికి వెళ్ళిపోయింది. అతను నిజం చెప్పేదాకా తిరిగి రానని కబురు పంపింది.

శేషమ్మ వంటింట్లో గంటలు ఆగిపోయాయి. పాలు పొంగిపోయాయి, పప్పు మాడింది. ఇన్నాళ్ళూ తిట్టుకుంటూనే ఆ గంటలకు వంట చేసిందని అప్పుడు తెలిసింది. ఆ పిల్ల కాపురం తన ఒక్క ప్రశ్నతో చెడితే ఇక వీధిలో తల ఎత్తుకునేదెట్లా? ఆ ఆదివారం ముఖం మీదికి కొంగు లాక్కుని అదే బస్సెక్కి, వెనక సీట్లో నక్కి కూర్చుంది.

పులివెందులలో దిగిన బాలకృష్ణయ్య ఒక సందులోకి తిరిగాడు. మొదటి గుమ్మంలో తలుపు వేసేశారు. రెండో గుమ్మంలో తల అడ్డంగా ఆడించారు. అతను రెండిళ్ళకూ నమస్కారం పెట్టి మూడో వాకిట్లో నిలబడ్డాడు. అది గాజులమ్మే గులాబ్‌బీ ఇల్లు. మొండిగోడ చాటు నుంచి శేషమ్మ చెవి ఒగ్గింది.

"పోయినవారమే వద్దంటి గదప్పా."

"పోయినవారం వద్దన్నావు బూబమ్మా. ఈ వారం ఏమంటావో అడిగిపోదామని వచ్చినా."

"మళ్ళీ మిఠాయి ఎందుకు తెచ్చినావు?"

"వట్టి చేతుల్తో రాగూడదంట."

"నువ్వు పైవారం రాకుండా ఉండాలంటే నేనేం చేయాల?"

"ఒక కూపను తీసుకుంటే చాలు."

గులాబ్‌బీ పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి, లోపలి నుంచి రెండు రూపాయలు తెచ్చిచ్చింది. అతను అరుగు మీద కూర్చుని ఆమె పేరు రాసుకుంటుండగా శేషమ్మ ఇక ఆగలేక గోడ చాటు నుంచి వచ్చింది. అతను ఉలిక్కిపడలేదు.

"రా అత్తా. బస్సులో నిద్ర పట్టిందా?"

"నిద్ర సంగతి తర్వాత. నీ గడియారం నీకు ఎప్పుడో వచ్చె. పెళ్ళాం అలిగి పాయె. ఎవరి కోసరం నాయనా, వారాలకొద్దీ ఈ గడపలు ఎక్కి దిగుతాండావు?"

బాలకృష్ణయ్య పేరు రాసుకున్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"దినామూ నా వాకిట్లో నిలబడి గడియారం యాడ అని అడిగేది నువ్వే గదత్తా. నీవి నాలుగూ నేనే అమ్ముతాండా. ప్రొద్దుటూరులో అమ్మితే నీకు తెలుస్తాది, నీకు తెలిస్తే వీధికంతా తెలుస్తాది, ఇంగ అందరి కూపన్లూ నా నెత్తిన పడతాయి. అందుకే ఆదిలక్ష్మికి గూడా చెప్పలా. ఇప్పటికి మూడైనాయి. నువ్వు జమ్మలమడుగు పోయి ఆ పిల్లను పిల్చుకొనిరా, నాలుగోది నేను చూసుకుంటా."